చెరిపేసిన కృష్ణబిలాలు

మా ఇంటికి ఏ పిల్లలొచ్చినా ముందుగదిలో గోడకున్న ఆ బొమ్మ దగ్గర ఆగుతారు. మధ్యలో నలుపు, చుట్టూ నారింజరంగు వలయం, కిందివైపు కాస్త ఎక్కువ వెలుగు. "అంకుల్, ఈ ఫోటో మీరే తీశారా?" అని అడుగుతారు. కాదురా నాయనా అంటే వినరు. అది ఫోటో కాదు, నేను తీయలేదు, ఆ రంగు కూడా దానిది కాదు. ఒక కృష్ణబిలం చుట్టూ ఉన్న, కంటికి కనపడని రేడియో కాంతికి మనుషులు పూసిన రంగు అది. బొమ్మ తెచ్చిన రోజే మా ఆవిడ అది గారెలా ఉందని తేల్చేసి, గారె కోసం గోడకి మేకు కొట్టడం దండగ అంది. ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరైన మా పక్కింటాయన కళ్ళద్దాలు సర్దుకుని దగ్గరగా చూసి, ఈ రంగు పోత పోయడానికి చాలదండీ, ఇంకాస్త కాగాలి అన్నాడు. ఉక్కు ఊళ్ళో ఉంటే ఇవన్నీ వినాలి.

ఆ బొమ్మకు సరిపోయిన నమూనాల గురించి చదువుకున్నవాళ్ళు చాలానే రాశారు. సరిపోనివాటి గురించి నేను రాస్తున్నాను. ఈ పనిలోకి రాబోయే పిల్లలెవరైనా చదివితే నాకు సంతోషం. చదివాక ఫోన్ చేసి నన్ను ఓదార్చనక్కరలేదు. ఓదార్పు నాకు పడదు.

జంషెడ్‌పూర్‌లో కృష్ణబిలాలేమిటని మీకు అనుమానం రావచ్చు. మాకూ వచ్చింది. మాది చిన్న లెక్కల కేంద్రం. ఇప్పుడు దాని పేరూ మారింది, గోడల రంగూ మారింది. కర్మాగారాలవాళ్ళు సమస్య తెస్తే కంప్యూటర్లో దానికి నమూనా కట్టి జవాబు చెప్పేవాళ్ళం. కరిగిన ఉక్కును అచ్చులోకి వదిలి స్లాబులుగా, అంటే మందపాటి పలకలుగా, గడ్డ కట్టిస్తారు. అది విసురుగా పడితే లోపల అలజడి రేగి, మలినాలు చిక్కుకుని, స్లాబు పాడవుతుంది. అందుకని అచ్చు పక్కన అయస్కాంతాలు పెట్టి ఆ ప్రవాహానికి బ్రేకు వేస్తారు. ఎంత బ్రేకు వెయ్యాలో లెక్క కట్టడమే చాలాకాలం మాకు అన్నం పెట్టింది.

కరిగిన ఉక్కు అయస్కాంతాల మధ్య ఎలా పారుతుందో చెప్పే సమీకరణాలూ, కృష్ణబిలం చుట్టూ మండే వాయువు ఎలా తిరుగుతుందో చెప్పే సమీకరణాలూ దాయాదులు. పోలికలు అవే, గొడవలు మాత్రం వేరు. ఆ సంగతి తెలిసిన ఒక విశ్వవిద్యాలయంవాళ్ళు, మీ దగ్గర కంప్యూటర్లున్నాయి, మనుషులున్నారు, కృష్ణబిలాల లెక్కల్లో మాతో కలుస్తారా అని అడిగారు. మా పెద్దాయన మారు ఆలోచన లేకుండా ఒప్పేసుకున్నాడు.

పెద్దాయన అంటే మా కేంద్రంలో నమూనాలు కట్టే విభాగానికి పెద్ద. ఈ ఊళ్ళోనే, భుయ్యాడీహ్‌లో పుట్టి పెరిగినవాడు. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి కాంట్రాక్టు పనికొచ్చి, సువర్ణరేఖ ఒడ్డున రెండు గదులు వేసుకుని, కొడుకుని ఇంజనీరును చేశాడు. కొడుకు మొదట పోత పోసే షాపులో చేసి, తర్వాత మా కేంద్రానికి వచ్చాడు. మీటింగుల్లో ఇంగ్లీషు, గేటు దగ్గర హిందీ, మాతో మాత్రం వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు. కృష్ణబిలాన్ని ఆయన ఏనాడూ కృష్ణబిలం అనలేదు. "మన బొరియ ఎలాగున్నాది?" అంటూ వచ్చేవాడు. కుర్చీలో కూర్చుని పనిచేయగా నేను చూడలేదు. నమూనా నడుస్తుంటే షాపులో అలవాటైనట్టే చేతులు వెనక్కి కట్టుకుని తెర ముందు నిలబడేవాడు.

నా పని ఆయన తర్వాత మొదలయ్యేది. దూరదూరాన ఉన్న టెలిస్కోపులన్నీ ఒకేసారి ఒకే వైపు చూస్తాయి. వాటన్నిటినీ కలిపినా దొరికేది బోలెడు ఖాళీలున్న సమాచారం, దాన్నుంచి తేలేది మసక బొమ్మ. దాన్ని చూసి ఇది ఇంత వేగంగా తిరుగుతోంది, దీని చుట్టూ అయస్కాంత క్షేత్రం ఇంత ఉంది అని నేరుగా చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకని కంప్యూటర్లో ఉత్తుత్తి కృష్ణబిలాలు కడతాం. ఒకటి వేగంగా తిరుగుతుంది, ఒకటి నెమ్మదిగా. ఒకదాని చుట్టూ క్షేత్రం ఎక్కువ, ఒకదాని చుట్టూ తక్కువ. ఒక్కొక్కటీ కదిలే సినిమా. ఆ సినిమాని టెలిస్కోపు చూస్తే ఎలా కనిపిస్తుందో అలా మసకబార్చి, అసలు దానితో పోల్చేవాణ్ణి. సరిపోలనివాటిని పక్కన పెడతాం. సరిపోలినంత మాత్రాన ఇదే నిజం అనుకోకూడదు. ఇది కాదు అని మాత్రమే ధైర్యంగా చెప్పగలిగే వృత్తి మాది. పెళ్ళిచూపులకి వెళ్ళిన పెద్దల్లాంటివాళ్ళం.

ఇక్కడే మా ఊరివాళ్ళే చేయగలిగిన పొరపాటు ఒకటి జరిగింది. కర్మాగారంలో అయస్కాంతం మనం బయట నుంచి పెట్టేది. స్విచ్చు మన చేతిలో ఉంటుంది, ఎంత పెడితే అంతే. కృష్ణబిలం దగ్గర స్విచ్చు లేదు. వాయువు తన క్షేత్రాన్ని తానే మోసుకొచ్చి బిలం గుమ్మంలో పోగుపెడుతుంది. అలా పోగుపడాలంటే నమూనా మొదలుపెట్టినప్పుడే వాయువుకు తగినంత క్షేత్రం ఇచ్చి పంపాలి. పెద్దాయన చెయ్యి ఎప్పుడూ తక్కువకే వెళ్ళేది. ఎక్కువ బ్రేకేస్తే అచ్చులో ఉక్కు కదలిక లేక పైన గడ్డ కడుతుంది, షాపులో ఆ భయంతోనే ఆయన ఉద్యోగం గడిచింది. అందువల్ల ఆయన కట్టిన కృష్ణబిలాలన్నీ బలహీన క్షేత్రం ఉన్నవే. అన్నీ నిదానంగా, ఒద్దికగా తిరిగేవి. ఇంకొక అలవాటు కూడా ఉండేది. పోత మొదలెడితే షిఫ్టంతా ఆగకూడదు కదా, నమూనాలను కూడా అలాగే ఆపకుండా నడిపేవాడు. మిగతాచోట్లవాళ్ళు కాసేపు నడిపి చాలనుకునేవారు. ఈయన నెలల తరబడి నడిపేవాడు. వాటిని దాచడానికే మా డిస్కులు నిండిపోయేవి.

ఆయన కోరిక ఒక్కటే. రిటైరయ్యేలోగా అసలు బొమ్మ పక్కన తన నమూనా ఒకటైనా నిలబడాలి. పైకి ఎప్పుడూ అనలేదు గానీ, టీ తాగుతూ బొరియ బొమ్మ ఎప్పుడొస్తుందని నన్ను అడిగే తీరులోనే అది తెలిసిపోయేది.

ఆ రోజుల్లోనే మా ఊళ్ళోని సీతారామ్‌డేరా నుంచి ఒక అమ్మాయి పరిశోధనకని మా దగ్గర చేరింది. మన తెలుగు పిల్లే. తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో వస్తుంది. పెద్దాయన తెలుగులో తిట్టడం, ఆ పిల్ల హిందీలో ఎదురు చెప్పడం, మధ్యలో నేను నవ్వు ఆపుకోవడం రోజూ ఉండేది. చేరిన కొన్నాళ్ళకే ఆ అమ్మాయి ఎక్కువ క్షేత్రం పెట్టి ఒక నమూనా నడుపుతానంది. పెద్దాయన ఒప్పుకోలేదు. గడ్డ కడుతుందన్నాడు. ఇది ఉక్కు కాదు సర్ అని ఆ పిల్ల అంది. ఆఖరికి చిన్నచిన్నవేవో నడుపుకో అని, డిస్కులో ఒక మూల జాగా ఇచ్చాడు.

గడ్డ కట్టలేదు సరికదా, ఆ అమ్మాయి నమూనా చిందులు తొక్కింది. గుమ్మంలో పోగుపడిన క్షేత్రం వాయువును ఆపుతుంది, ఆపలేక ఒక్కసారి వదిలేస్తుంది, మళ్ళీ ఆపుతుంది. వెలుగు ఎగసిపడుతుంది, తగ్గుతుంది. పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూసి, దీనికి దెయ్యం పట్టింది అన్నాడు. ఆ తర్వాత తన నమూనా ఒకటి పెట్టి, నిజమైన బొరియ ఇలాగ మర్యాదగా ఉంటాదని చెప్పాడు. మర్యాదకీ భౌతికశాస్త్రానికీ ఏమిటి సంబంధమని నేను అడిగాను. దానికి నాకు టీ బందయింది.

మొదటి బొమ్మ వచ్చింది. అందరూ చూసిన బొమ్మే అది, మా గోడ మీద ఉన్నదే. వలయం ఎంత ఉంది, ఏ వైపు వెలుగు ఎక్కువగా ఉందన్న పోలికలో పెద్దాయనవీ నిలబడ్డాయి, ఆ అమ్మాయివీ నిలబడ్డాయి. ఆయన ఆ రోజు సాక్చీ బజారు నుంచి మిఠాయి తెచ్చి గేటు దగ్గర గార్డుకి కూడా తినిపించాడు. నాకు టీ మళ్ళీ మొదలైంది. అక్కడితో ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను. సైన్సు అక్కడ ఆగదు.

తర్వాత అదే కృష్ణబిలం కాంతి ఏ వైపు ఊగుతోందో కొలిచిన సమాచారం వచ్చింది. కాంతి తరంగం కదా, దాని ఊపుకి ఒక దిశ ఉంటుంది. ఆ దిశలను చూస్తే అక్కడి క్షేత్రం ఎలా పరుచుకుందో, ఎంత బలంగా ఉందో తెలుస్తుంది. వలయం చుట్టూ ఆ గీతలు ఒక క్రమంలో, సుడి తిరిగినట్టు వచ్చాయి. బలహీన క్షేత్రమైతే గీతలు చెల్లాచెదురుగా ఉండాలి. ఆ లెక్కన పెద్దాయనవి నిలబడవు. పెద్దాయనకి చెప్పకుండా ముందు పోలిక పూర్తి చేశాను, ఏమైనా తప్పు చూశానేమోనని. తప్పు చూడలేదు.

పోలిక ఫలితాలు అందరి ముందూ చూసే రోజు వచ్చింది. గదిలో మేం ఆరేడుగురం. నేను చదువుతానంటే పెద్దాయన ఒప్పుకోలేదు. నమూనాలు నావి, నానే సదువుతాను అన్నాడు. తెర మీద ఒక్కొక్కటీ వస్తుంటే, మామూలు గొంతుతో, పాసు, ఫెయిలు చెప్పుకుంటూ పోయాడు. తనవి ఒక్కటి కూడా నిలవలేదు. ఆ అమ్మాయి మూలజాగాలో నడిపిన వాటిలో కొన్ని నిలిచాయి. వాటి వంతు వచ్చినప్పుడు ఆయన గొంతు పెంచి, "పాసు. మన పిల్లది పాసు" అన్నాడు. ఆ అమ్మాయి తలెత్తలేదు.

అంతవరకూ జరిగింది వృత్తిలో భాగం. ఎవరి నమూనాలో కొన్ని పోతాయి, అందుకే కదా కట్టేది. బాధపడ్డాం గానీ అది తట్టుకోగల బాధే. తట్టుకోలేనిది ఆ తర్వాత అరగంటలో జరిగింది.

ఆ అమ్మాయి నమూనాలను ఇప్పుడు పెద్దవిగా, ఎక్కువ కాలం నడపాలి. డిస్కుల్లో చోటు లేదు. కొత్తవి కావాలని పైవాళ్ళను అడిగి అడిగి మాకు విసుగొచ్చింది. సినిమాలకు రెండో కాపీ పెట్టుకునే స్తోమత మాకు ముందు నుంచీ లేదు. ఏం చేద్దామని మేం మాట్లాడుకుంటుంటే పెద్దాయన లేచి తన కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాడు. ఏం చేస్తున్నావన్నా అన్నాను.

"ఫెయిలైన స్లాబుని యార్డులో ఉంచుతామేటి?" అన్నాడు. "ఆ పూటే కోసి పొయ్యిలో పడేత్తాం. ఉంచితే మంచివాటిలో కలిసిపోతాది, రేపెవుడో తెలీక బండికెత్తేత్తాడు."

షాపులో అది నిజం. పాడైన స్లాబు ఒక్కటి మంచివాటిలో కలిసి బయటికి వెళితే ఎక్కడో వంతెనలోనో బాయిలర్లోనో తేలుతుంది. అందుకని రిజెక్టు అయినదాన్ని ఆ షిఫ్టు దాటనివ్వరు. ఆ పద్ధతిలో పెరిగిన మనిషి ఆయన. మా కేంద్రంలో సగంమంది ఆ పద్ధతిలో పెరిగినవాళ్ళమే. ఎవరికీ వింతగా అనిపించలేదు. ఒక్కొక్క నమూనా నుంచి ఒక్కొక్క నిశ్చల చిత్రం మాత్రం వ్యాసంలో చూపడానికి ఉంచి, సినిమాలన్నీ తీసేశాడు. ఆ అమ్మాయి "సర్, రహనే దీజియే నా" అని ఒకసారి, ఉండనివ్వండి అన్నట్టు అంది. ఆయన వినిపించుకోలేదు. జాగా నీకే తల్లీ, పెద్దవి నడుపుకో అన్నాడు. అంత కాలం కట్టుకున్నదాన్ని తన చేత్తో తీసేసి, నిన్నకాక మొన్న వచ్చిన పిల్లకి చోటిచ్చిన మనిషి ఆ రోజు మా అందరికీ కొండంత కనిపించాడు. ఆయన గొప్పతనం చూస్తూ ఉండిపోయాం. ఆయన చేస్తున్న పని ఎవరమూ చూడలేదు.

ఆ తర్వాత కొద్ది నెలలకే ఆయన రిటైరయ్యాడు. సన్మానంలో మాట్లాడమంటే, బొరియలో పడ్డది ఏదీ తిరిగి రాదు, నాను మాత్రం టీకి అప్పుడప్పుడు వత్తాను అన్నాడు. రాలేదు. ఫోన్ చేస్తే ఆరోగ్యం బాగానే ఉందనీ, మనవరాలికి లెక్కలు చెబుతున్నాననీ అనేవాడు. నా నమూనా నిలబడకపోయినా నా చేతులు శుభ్రంగా ఉన్నాయిరా అని ఒకసారి అన్నాడు. ఆ మాటతో ఆయన సుఖంగా ఉన్నాడనుకుని నేనూ సుఖంగా ఉన్నాను.

ఇంతలో రెండో కృష్ణబిలం వచ్చింది. మన పాలపుంత నడిమధ్య ఉన్నది. మొదటిదానికంటే చాలా చిన్నది, అందువల్ల దాని వెలుగు నిమిషాల్లో మారుతూ ఉంటుంది. కాబట్టి ఇంకో పరీక్ష చేర్చారు. వెలుగు ఎంత ఎగుడుదిగుడుగా ఉందో కొలిచి, నమూనాలతో పోల్చాలి. ఆ అమ్మాయి నమూనాలు, ఇంకా పెద్దపెద్ద దేశాలవాళ్ళ బలమైన క్షేత్రం నమూనాలు, దాదాపు అన్నీ ఈ పరీక్షలో బోల్తాపడ్డాయి. అన్నీ ఎక్కువ ఎగిరిపడుతున్నాయి. ఆకాశంలో ఉన్నది వాటన్నిటికంటే నిదానంగా ఉంది.

మర్యాదగా ఉంది అని నాకు అనిపించింది. మర్యాద అన్నది పెద్దాయన మాట.

వీడియో మీటింగులో ఎక్కడివాళ్ళో అడిగారు, బలహీన క్షేత్రంతో మీ దగ్గర పొడుగాటి నమూనాలు ఉండేవి కదా, వాటి వెలుగు ఎంత నిదానంగా ఉండేదో చెప్పగలరా అని. మిగతాచోట్లా అలాంటివి ఉన్నాయి గానీ అంత పొడుగ్గా నడిపినవాళ్ళు లేరు. కాసేపు నడిపిన సినిమాతో ఈ విషయం గట్టిగా తేలదు. చూసి చెబుతామని ఆ అమ్మాయే జవాబిచ్చింది. ఏమీ లేవని తెలిసీ అలా ఎందుకందో నేను అడగలేదు. రెండు రోజులు పాత డిస్కులన్నీ వెతికింది. దొరికినవి నిశ్చల చిత్రాలే. దీపం బొమ్మ చూసి ఆ దీపం రెపరెపలాడిందో లేదో ఎవరు చెప్పగలరు?

మళ్ళీ నడుపుదామని చూశాం. అప్పటి కంప్యూటర్లు తుక్కు కింద వెళ్ళిపోయాయి. ప్రోగ్రాము చాలాసార్లు మారిపోయింది. మొదట్లో వాయువును ఎలా అమర్చాలో పెద్దాయనకి ఒక చేతి ఒడుపు ఉండేది, ఎక్కడా రాసిపెట్టలేదు, అది ఆయన రిటైరవడంతోనే పోయింది. కొత్తగా కట్టినవి ఇంకోలా నడిచాయి. వాటిని ఆయనవి అనడానికి మాకు నోరు రాలేదు. ఆఖరికి మా దగ్గర లేవని ఒక వాక్యం పంపాం. ఆయన నమూనాలు కాంతి ఊపు దిశల పరీక్షలో తప్పాయి, అది తప్పే. కానీ ఈ పరీక్షలో నెగ్గేవేమో, నెగ్గి ఉంటే అక్కడ ప్రవాహాన్ని నిదానపరిచేదేదో ఇంకా మనకి తెలియనిది ఉందని ఆ నమూనాలే ముందుగా వేలెత్తి చూపేవేమో. ఏమో అనే మాటే మిగిలింది. సైన్సుకి పెద్ద నష్టం లేదు, ఇవాళ కాకపోతే రేపు ఇంకెవరో కడతారు. నష్టమంతా ఆయనది.

ఈ సంగతి ఆయనకి చెప్పాలా వద్దా అని చాలా రోజులు కొట్టుకున్నాను. ఆయన మాట నెగ్గేదేమోనన్న సంగతి ఆయనకి తెలియకుండా ఉంచే హక్కు నాకు లేదనిపించింది. ఆ అమ్మాయితో అంటే తనూ వస్తానంది. ఒక ఆదివారం సిద్ధగోరాలో మా ఇంటి నుంచి నా స్కూటర్ మీద ఇద్దరం వెళ్ళాం. భుయ్యాడీహ్‌లో ఆయన సందు మలుపు దగ్గరికి రాగానే ఆ పిల్ల దిగిపోయింది. "ముఝ్‌సే నహీ హోగా సర్" అంది. తన వల్ల కాదని. సరే, స్కూటర్ దగ్గరే ఉండమని నేను ఒక్కణ్ణే లోపలికి వెళ్ళాను.

ఆయన బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి సంబరపడి, ఇంట్లోవాళ్ళని టీ పెట్టమని కేకేశాడు. బొరియ కబుర్లు చెప్పమన్నాడు. చెప్పాను. బలమైన క్షేత్రం నమూనాలన్నీ ఎలా బోల్తాపడ్డాయో చెబుతుంటే ఆయన ముందుకి వంగి, మొహం వెలిగిపోతూ విన్నాడు. నిదానంగా ఉందా, నాను సెప్పలేదేటి అని తొడ మీద కొట్టుకున్నాడు. ఆ వెలుగు చూసి, వచ్చి మంచిపని చేశాననుకున్నాను. అంత తెలివితక్కువవాణ్ణి.

"మరి నావి పెట్టి సూసినారా?" అన్నాడు.

ఆయనే గుర్తు తెచ్చుకున్నాడు. గుర్తొస్తున్నప్పుడు ఆయన మొహం చూడవలసి రావడం కంటే నా ఉద్యోగంలో కష్టమైన పని నాకు తగల్లేదు.

"ఒక్కటీ లేదేటి?" అన్నాడు.

"బొమ్మలున్నాయన్నా. సినిమాలు లేవు."

టీ వచ్చింది. ఇద్దరం ముట్టుకోలేదు.

"మరి సెప్పడానికి ఎందుకొచ్చినావు?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు.

నీకు నిజం తెలియాలని వచ్చానన్నాను. నిజమైతే అది డిస్కులో ఉండాల, నీ నోట్లో కాదు అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన నా వైపు చూడకుండా తువ్వాలు అందించాడు. చేతులు శుభ్రంగా ఉన్నాయని ఫోన్లో చెప్పుకున్న మనిషి, ఆ చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటిని చూస్తూ కూర్చున్నాడు. నేను వెళ్ళకపోయి ఉంటే ఆయన ఆ మాటతోనే బతికేవాడు. వెళ్ళడం మంచిదా కాదా అన్నది నాకు ఈనాటికీ తేలలేదు. తేలుతుందన్న ఆశ కూడా లేదు.

"ఆ పిల్లకి తెలుసునా?" అన్నాడు.

తెలియదని అబద్ధమాడాను.

"సెప్పకు. తన కోసమే తీసేసినానని మనసులో పెట్టుకుంటాది. సదువుకునే పిల్ల."

చెప్పనని మాటిచ్చి లేచాను. ఇంటికి వచ్చినవాళ్ళని సందు చివరిదాకా సాగనంపడం ఆయన అలవాటు. వద్దన్నాను, ఎండ మండుతోందన్నాను, మోకాళ్ళ సంగతి ఎత్తాను. వినలేదు. చెప్పులేసుకుని, నా భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. ముందుకి వెళ్ళి ఆ అమ్మాయిని తప్పించాలంటే ఆయన చెయ్యి దించాలి. దించలేకపోయాను.

మలుపు తిరిగేసరికి ఆ పిల్ల స్కూటర్ పక్కన నిలబడి ఉంది. ఏడ్చిన కళ్ళు. ఆయన ఆగాడు. ఆమెని చూశాడు, నన్ను చూశాడు. తెలియదని నేనన్నది అబద్ధమని అర్థం చేసుకోవడానికి ఆయనకి క్షణం పట్టలేదు. ఆ పిల్ల వంగి కాళ్ళకి దండం పెట్టి, లేచి, ఏదో అనబోయింది. ఆయన అననివ్వలేదు. తల మీద చెయ్యి పెట్టాడు.

"నీ నమూనాలు బాగా నడత్తన్నాయా తల్లీ?"

"చల్ రహా హై సర్" అంది, నడుస్తున్నాయని.

"జాగా సరిపోతందా?"

ఎప్పుడూ హిందీలో జవాబిచ్చే పిల్ల, ఆ ఒక్కదానికి తెలుగులో చెప్పింది. "సరిపోతంది సర్."

మంచిదని తల ఊపి, మెల్లగా ఇంటివైపు తిరిగి నడిచాడు. ఆయన రిటైరైన కొన్నాళ్ళకే మాకు కొత్త డిస్కులు వచ్చాయి. వాటిలో సగం ఇంకా ఖాళీగానే పడి ఉన్నాయి. ఆ సంగతి మాత్రం ఆయనకి ఇద్దరమూ చెప్పలేదు.